పాలబండి ఇంజినులో ప్లగ్గు ఎగిరిపోతే

(కొల్లూరులో పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే వెన్న శాతం గురించో, బోనసు గురించో, రాయని రిజిస్టర్ల గురించో మాట్లాడుతాడని మీరు అనుకొని ఉంటారు. ఈరోజు స్పార్కు ప్లగ్గు గురించి మాట్లాడుతాను. నేను చదివింది మెకానికల్ డిప్లొమా. ఉద్యోగం మాత్రం లెక్కల పుస్తకాలతో గడిచింది. ఆ రెండూ ఒకచోట కలిసిన సంగతి ఇది.

మొన్నటి వేసవిలో జరిగింది. సంఘం పేరు చెప్పను. వారిలో కొందరు ఈ సభలోనే ఉన్నారు. సాయంత్రం పాలు తొమ్మిది క్యాన్లు, అనగా 360 లీటర్లు ఎత్తుకొని సంఘం సొంత ట్రాలీ ఇక్కడి ఔటర్ రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద పటాన్‌చెరు వైపు పోతున్నది. సీఎన్‌జీ బండి. తుపాకి పేలినట్లు ఒక్క చప్పుడు, ఆ వెంటనే ఫట్ ఫట్ మని మోత. డ్రైవరు టైరు పగిలిందనుకొని దిగాడు. నాలుగు టైర్లూ బాగున్నవి. సీటు ఎత్తి చూస్తే ప్లగ్గు తీగతో సహా గూటి నుండి బయటికి వచ్చి వేలాడుతున్నది.

పెద్ద పాల ట్యాంకర్లు సాధారణంగా డీజిలు బండ్లు. డీజిలు ఇంజినులో నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది, స్పార్కు ప్లగ్గుతో పని లేదు. పెట్రోలుకు, సీఎన్‌జీకి మాత్రం నిప్పురవ్వ కావాలి. ఊళ్లలోకి సీఎన్‌జీ ట్రాలీలు వచ్చిన కొద్దీ ఈ బాధ మన గడపలోకీ వచ్చింది.

ప్లగ్గు ఎందుకు ఎగురుతుంది? లెక్క వేసి చూడండి. సాధారణ ప్లగ్గు మర వెడల్పు 14 మిల్లీమీటర్లు. సిలిండరులో ఇంధనం మండినప్పుడు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 50 కిలోల వరకు పోవచ్చు. అంటే ఆ వేలెడంత ప్లగ్గును సుమారు 75 కిలోల బలం బయటికి తంతున్నది. మీ దాణా బస్తా ఒకటిన్నర అనుకోండి. ఇంజిను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరులో ఆ తన్ను సెకనుకు ఇరవై సార్లు. దానిని ఆపి నిలబెట్టేది అల్యూమినియం హెడ్డులోని కొన్ని మరలు మాత్రమే. అల్యూమినియం మెత్తని లోహం. ప్లగ్గు వదులుగా ఉంటే మరలు అరుగుతాయి. పానాకు పైపు తొడిగి బిగిస్తే చిరుగుతాయి. వేడి ఇంజిను మీద విప్పితే ప్లగ్గుతో పాటు ఊడి వస్తాయి. అమెరికాలో ఫోర్డు వారి ట్రక్కులలో 1990ల చివర, 2000ల మొదట వచ్చిన కొన్ని ఇంజిన్లకు హెడ్డులో నాలుగు మరలే ప్లగ్గును పట్టి ఉండేవి. అక్కడ ప్లగ్గులు ఎగరడం పేరుమోసిన తలనొప్పి అయింది. కనుక ఇది మన డ్రైవరు జాతక దోషం కాదు.

ఇక దారిలో చేయవలసింది. వెంటనే ఇంజిను ఆపాలి. ప్లగ్గు లేని రంధ్రం నుండి మండని ఇంధనం బయటికి చిమ్ముతుంది. దానికి రవ్వ తగిలితే బండి తగలబడవచ్చు. సీఎన్‌జీ సిలిండరు మీది చేతి వాల్వు మూయాలి. బీడీ, సిగరెట్టు దగ్గరికి రానీయరాదు. ఆ తర్వాత చేయవలసింది ఇంజిను బాగు కాదు, ఫోను. ఇంకొక బండి పిలిపించి క్యాన్లు మార్చాలి. పిండిన పాలకు సూక్ష్మజీవులను అణచే గుణం కొద్ది గంటలే ఉంటుంది. వేసవిలో ఇంకా తక్కువ. నాలుగు డిగ్రీల చల్లదనానికి ఎంత త్వరగా చేరితే అంత మంచిది.

మన డ్రైవరు ఏమి చేశాడు? ప్లగ్గుకు గుడ్డపేలిక చుట్టి మళ్లీ దూర్చాడు. అది మళ్లీ ఎగిరింది. మళ్లీ దూర్చాడు. గంటన్నర పోయింది. పాలు కేంద్రానికి చేరేసరికి ఆల్కహాలు పరీక్షలో విరిగినవి.

మరమ్మతు సంగతి చెబుతాను. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, టాప్ కొట్టి, ఉక్కు బుష్షు గాని హెలీకాయిల్ గాని వేయాలి. టాపుకు గ్రీజు పూసుకోవాలి, లోహపు పొట్టు సిలిండరులో పడకుండా చూడాలి. పడితే హెడ్డు విప్పవలసిందే. సరిగా వేసిన బుష్షు పాత మరల కంటె గట్టిది. కొత్త ప్లగ్గును చల్లని ఇంజినులో మొదట వేళ్లతోనే తిప్పాలి. చివరి బిగింపు టార్క్ రెంచితో చేయాలి. అల్యూమినియం హెడ్డుకు సాధారణంగా రెండు మూడు కిలోగ్రాం-మీటర్లు, కాని బండి పుస్తకంలో ఏమి ఉంటే అదే.

తరువాత సర్వసభ్య సమావేశం జరిగింది. నష్టాన్ని డ్రైవరు జీతంలో కోయాలని నలుగురైదుగురు లేచారు. అప్పుడు వెనుక నుండి ఒక ముసలమ్మ అన్నది: "సారూ, బండి నాలుగు దినాల సంది టిక్కు టిక్కుమంటున్నదని ఆయన మా వాకిట్లనే చెప్పిండు. ఎవరిన్నరు?"

నిజమే. వదులైన ప్లగ్గు పక్క నుండి గాలి తన్నితే అదే చప్పుడు; ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతుంది. ఆ రోజే చల్లారిన ఇంజినులో బిగించి ఉంటే చాలావరకు సరిపోయేది. బండి ఆగితే ఒక పూట పాలు పోతాయని కార్యదర్శి వాయిదా వేశాడు. ప్లగ్గులు మార్చి మూడు వారాలే అయింది. ఎవరు మార్చారో, దేనితో బిగించారో ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకొక మాట కూడా చెప్పవలసి ఉన్నది. అంతకు ముందు సంవత్సరం ఆ సంఘం వారు టార్క్ రెంచి కొనడానికి తీర్మానం రాశారు. తనిఖీలో దాని పక్కన "అనవసర వ్యయం" అని రాసింది నేనే. డిప్లొమా చదివినవాడిని! ఆ సమావేశంలోనే లేచి ఆ సంగతి చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అటు తర్వాత జీతం కోత మాట ఎవరూ ఎత్తలేదు. సభ్యులకు పాల డబ్బు పూర్తిగా ఇచ్చి, నష్టాన్ని సంఘం లెక్కలో రాసుకొన్నారు. రెంచి కొన్నారు. బండికి ఒక పుస్తకం పెట్టారు. అందులో మొదటి పేజీలో డ్రైవరు తన చేతితో రాసిన తేదీ, ప్లగ్గుల సంఖ్య, బిగించిన కొలత ఉన్నవి. కావలసిన వారు ఆ పుస్తకం ఇక్కడ బల్ల మీదనే ఉన్నది, చూడవచ్చును.