రహదారి సుంకము



ఈ సభకు వచ్చుచు మీలోఁ బలువురు ఉత్తరమునఁ గాసేపల్లియొద్దనో, దక్షిణమున మరూరునొద్దనో సుంకము చెల్లించియే యుందురు. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగు తప్పనిసరి యగుటచే సంచి తెఱవకయే పైకము ముట్టుచున్నది. రహదారి యను మాట మొగలాయీల కాలమున బాటను గాక, బాటపైఁ గొను సుంకమునే తెలిపెడిది.

కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున దీనిని వర్తని యనెను. పొలిమేర యధికారి సరకుబండికి ఒకటింబావు పణము గొనవలయును. దారిలోఁ బోయిన సొమ్మునకు నతఁడే యుత్తరవాది. పుచ్చుకొనువాని ధర్మ మిది. ఇచ్చువాని ధర్మమును గూర్చి రెండు మాటలు చెప్పెదను.

వానలు చాలని యీ సీమనుండి మన బిడ్డలు జర్మనీ మొదలగు దేశములకుఁ బోయి బ్రదుకుచున్నారు. సెలవులలోఁ దలిదండ్రులను గారులో నెక్కించుకొని పొరుగు దేశములు చూపుచున్నారు. జర్మనీలో కార్లకు బాటసుంకము లేదు. ఎల్ల దాటి స్విట్జర్లాండు పెద్దబాట నెక్కినచో విన్యెట్టు అను చీటి యుండవలయును. మన దేశమున 2025 ఆగష్టు 15న స్వంతకార్లకై 3000 రూపాయలకుఁ బెట్టిన సంవత్సరపు పాసువంటిదే యిది. వెల 40 ఫ్రాంకులు. రెండు దినముల విహారమునకైనను సంవత్సరపు చీటియే కొనవలయును. ఆస్ట్రియాలోనైతే ఒక దినమునకు, పది దినములకు, రెండు నెలలకు వేర్వేఱు చీటులు గలవు. ఇటలీలోఁ బెక్కు పెద్దబాటలపై మనవలెనే గేట్లు గలవు.

స్విట్జర్లాండు పొలిమేరలో నా కుమారుఁడు చీటి మాట యెత్తఁగా, వెనుకఁ గూర్చున్న నేను, "అడ్డుగేటు లేదు గదా, పోనిమ్ము" అంటిని. కొంత దూరమునకే పట్టువడితిమి. జరిమానా 200 ఫ్రాంకులు, చీటి వెల వేఱు. ధనము పోయినందులకు నేను చింతింపలేదు. ముప్పదియైదేండ్లు పరుల బిడ్డలకు నీతి బోధించి, నా బిడ్డకు దారిలో నవినీతి బోధించితినే యని తల వంచుకొంటిని. వాఁడు నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు మిక్కిలి బాధ యయ్యెను.

గేటున్నచోట సుంకము చెల్లించుట గొప్ప గాదు. గేటు లేనిచోటఁ జెల్లించుటయే ధర్మము. 2023 ఆగష్టు 1 నుండి స్విట్జర్లాండు చీటిని బండిసంఖ్యపై నింటనుండియే కొనవచ్చును. అద్దెకారైనచో చీటి యున్నదో లేదో ముందే విచారింపవలయును. పెద్దలారా! విదేశములకుఁ బోవునప్పుడు ఊరుగాయలతోఁ గూడ నీ మాటయు మూటగట్టుకొని పొండు. పరదేశమున మన నడతయే మన కులగౌరవము.