కెనడా విద్యానుమతి పత్రము: జాప్యము లేక పొందు విధము

(చిలకలపూడిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)

 

మన పిల్లలు విద్యకై సముద్రము దాటుట క్రొత్త గాదు. 1922వ సంవత్సరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డునకు బోయినప్పుడు మామగారి సాయముతోబాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధియు వారికి తోడ్పడినది. నాడు ప్రయాణపు సొమ్మే కష్టము; నేడు సొమ్మునకు దోడు కాగితములును కష్టమైనవి. ఈ సభకు ముందు మాయొద్దకు వచ్చిన తలిదండ్రులలో పెక్కురు అడిగిన ప్రశ్న యొక్కటే: “కెనడా అనుమతి యిరువది దినములలో వచ్చునట గదా, దానికేమి కావలెను?”

ఆ మార్గము మూతపడినదని మొదట చెప్పవలసియున్నది.

2018 జూన్ నెలలో కెనడా ప్రభుత్వము భారతదేశము, చైనా, ఫిలిప్పీన్సు, వియత్నాము దేశముల విద్యార్థులకు స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీమ్ అను ప్రత్యేక మార్గమును దెరచెను. పిదప మరికొన్ని దేశములు చేరినవి. మొదటి యేటి కళాశాల రుసుము ముందుగనే చెల్లింపవలెను. గ్యారంటీడ్ ఇన్వెస్ట్‌మెంట్ సర్టిఫికెట్ పేర 10,000 డాలర్లు కెనడా బ్యాంకులో నిలువ జేయవలెను. 2024 జనవరి 1 నుండి అది 20,635 డాలర్లయ్యెను. ఆంగ్ల పరీక్షలో నిర్ణీత శ్రేణి కావలెను. వైద్యపరీక్ష ముందే ముగియవలెను. అన్నియు సరిగా నున్నచో పెక్కు దరఖాస్తులు 20 దినములలో తేలెడివి. ఇందు ప్రత్యేకమైన దయ యేమియు లేదు. అధికారి పిదప నడుగబోవు ప్రశ్నలకు విద్యార్థి ముందే జవాబిచ్చుటయే యా వేగమునకు కారణము. 2024 నవంబరు 8వ తేదీన దానిని రద్దుచేసిరి.

అయినను ఆ పేరు చెప్పి సొమ్ము గుంజువారు పోలేదు. మా బంధువులలో నొకరు దివిసీమలోని రెండెకరముల మాగాణిని తాకట్టుబెట్టి, 2025 ప్రారంభమున, త్వరిత మార్గపు రుసుమని యొక దళారికి సొమ్ము చెల్లించిరి. మార్గమే లేనప్పుడు రుసుమెక్కడిది? సొమ్ము తిరిగి రాలేదు. బాలుని చదువొక యేడు వెనుకబడినది. ఆ తండ్రి యీ సభలోనే కూర్చుండియున్నారు. వారి యనుమతితోనే దీనిని చెప్పుచున్నాము.

ఇప్పుడు మిగిలిన త్వరిత మార్గము డాక్టరేటు విద్యార్థులది. విదేశమునుండి దరఖాస్తు పెట్టుకొను వారి పత్రములను 14 దినములలో పరిశీలింతుమని ప్రభుత్వము ప్రకటించినది. తక్కినవారి కందరకు నొకే వరుస. 2024 జనవరి 22 నుండి రాష్ట్ర ప్రభుత్వపు ధ్రువపత్రమును గావలసివచ్చినది. ప్రభుత్వ విద్యాసంస్థలలో ఎం.ఏ., ఎం.యస్సీ. వంటి పై చదువులకు బోవువారికి 2026 జనవరి 1 నుండి దానిని తొలగించిరి.

ధనము జూపుట యందే మనవారు మిక్కిలి పొరపడుచున్నారు. 2025 సెప్టెంబరు 1 నుండి, క్విబెక్కు తప్ప తక్కిన చోట్ల, ఒంటరి విద్యార్థి కళాశాల రుసుము, ప్రయాణవ్యయము గాక 22,895 డాలర్లు చూపవలెను. దరఖాస్తునకు వారము ముందు పదిమందియొద్ద చేబదుళ్లు దెచ్చి ఖాతాలో వేసిన చాలునని కొందరి తలంపు. నాలుగు మాసముల బ్యాంకు లెక్క నడిగినప్పుడు ఆ సొమ్ము ఎక్కడిదను ప్రశ్న తప్పదు. చిలకలపూడి వారికి వేరుగ జెప్పనేల? గిల్టునగ పెండ్లిలో మెరయును గాని గీటురాతి మీద నిలువదు. (ఇది మన యూరి పనివారిని తక్కువచేయుట గాదు, వారు గిల్టును గిల్టనియే యమ్ముదురు.) పొలమమ్మిన సొమ్మైనచో విక్రయ దస్తావేజును, ఋణమైనచో బ్యాంకు మంజూరు పత్రమును జతపరుపవలెను. తెలుగులోనున్న దస్తావేజులకు, పట్టాదారు పుస్తకములకు ఆంగ్లానువాదమును, అనువాదకుని ప్రమాణపత్రమును గావలెను.

పైన జెప్పిన బ్యాంకు సర్టిఫికెట్ నేటికిని ధనమునకు ఋజువుగా చెల్లును. అది పోవు సొమ్ము గాదు. విద్యార్థి కెనడా చేరిన పిమ్మట కొంత మొత్తమును, శేషము వాయిదాలుగాను అతనికే ముట్టును. దానిని వీసా ఖర్చులలో కలిపి చెప్పువాని లెక్కను నమ్మరాదు.

వైద్యపరీక్ష కెనడా ప్రభుత్వము నియమించిన వైద్యునియొద్దనే జరుగవలెను. ముందే చేయించుకొన్నచో కొంత కాలము కలిసివచ్చును. వేలిముద్రలకు పిలుపు రాగానే హైదరాబాదు పోవలెను.

కళాశాల ప్రవేశపత్రము సంగతి వేరు. 2023లో పంజాబు విద్యార్థులు పలువురు దళారు లిచ్చిన నకిలీ పత్రములచే, కెనడాలో చదువు ముగించిన పిదప సయితము, దేశబహిష్కార భయమున బడిరి. ఆ యేడు డిసెంబరు 1 నుండి ప్రతి పత్రమును కళాశాలయే ధ్రువపరుపవలసివచ్చినది. అసత్యము బయల్పడినచో అయిదేండ్లు ఆ దేశపు గడప ద్రొక్కరాదు. సంతకము చేసినవాడు విద్యార్థి గావున శిక్షయు నతనిదే, దళారిది గాదు.

కావున మేము సభవారిని గోరునది యిది. మన విద్యానిధినుండి యిచ్చు ఋణము దరఖాస్తునకు అయిదారు మాసములు ముందే, వ్రాతపూర్వకముగ, విద్యార్థి తలిదండ్రుల ఖాతాకు జేరవలెను. నేడది ప్రయాణపు వేళ చేతికిచ్చు నగదుగా నున్నది. అట్టి సొమ్ము ఋజువునకు పనికిరాదు. ఇదివరలో కెనడా పోయివచ్చిన మన యువకులు ఇద్దరు ముగ్గురు కాగితములను ఉచితముగ సరిచూచుట కొప్పుకొనిరి. ఈ రెండింటిని గూర్చిన తీర్మానమును మీ యామోదమునకై సభ యెదుట నుంచుచున్నాము.