ఆకులోని ఈనెలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రావి ఆకును కొన్నాళ్లు నీట నానవైచి, కుళ్లిన పసరును మెల్లగా కడిగివేసినచో సన్నని వల మిగులును. చిన్ననాట దానిని పుస్తకముల నడుమ దాచుకొన్నవారు మనలో పెక్కురు గలరు. ఆ వలయే ఈనెలు. వేళ్లు పంపు నీరును, ఆకు వండు ఆహారమును వానిగుండనే పారును. ఆ వల నల్లిన దెవరు?

మన పల్నాటికి కాలువలు తెలియనివి కావు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. ముందు కొలిచి, త్రవ్విరి. పిమ్మట నీరు పారెను. ఆకులో ఇంజనీరు లేడు. అచ్చట పారుదల ముందు, కాలువ పిమ్మట.

లేత ఆకు అంచున ఆక్సిన్ అను పదార్థము ప్రోగుపడి, కణమునుండి కణమునకు సాగును. అది హెచ్చుగా పోయిన కణములు దానిని మరింత సులువుగా పంపనేర్చును. ప్రక్క కణములకు అందునది తగ్గును. వాననీరు చేలో పలుచగా పారి, తుదకు ఒక్క చాలు కోసికొని అందే పోవునట్లు! 1969లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు త్స్వి శాక్స్ బఠాణీ మొక్కలపై పరిశోధించి ఈ భావమునకు పునాది వేసెను.

ఇందు జన్యువుల పని యేమి? ఈ గ్రంథాలయపు బీరువాలో పుస్తకములన్నియు ఉన్నట్లు, ప్రతి కణములోను జన్యువులన్నియు గలవు. ఉన్నంతమాత్రమున చాలదు; తీసి చదువవలెను. ఆవకుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో శాస్త్రజ్ఞులు దీనిని చూచిరి. ఆక్సిన్ హెచ్చిన కణములో మోనోప్టెరాస్ అను జన్యువు పనికి పూనుకొని, ఇతర జన్యువులను మేల్కొలుపును. వానిలో పిన్-1 ఆక్సిన్‌ను వెలికిపంపు ద్వారములను చేయించును. అవి కణమున కొక్క ప్రక్కనే చేరుటచే పారుదలకు దిక్కు కలుగును. ఆ కణముల వరుసయే ఈనె యగును. మోనోప్టెరాస్ చెడిన మొక్కలో ఈనెలు తరిగిపోవును.

ఈనె తెగినచో? ప్లెథోరా, కక్-2 అను జన్యువులు కలిసి ఆ చోట ఆక్సిన్‌ను పుట్టించి, గాయమును చుట్టి క్రొత్త ఈనెను కలుపునని 2020లో తిరువనంతపురము ఐసర్ శాస్త్రజ్ఞులు చూపిరి.

ఇది మనకెందుకని తలపవలదు. మిరపతోటలో తెల్లదోమ తెచ్చు ఆకుముడుత వైరసు ఈనెలలోని ఆహారనాళములందే కాపురముండును. రైతు తెచ్చిన అప్పు ఈ సన్నని దారములపై వ్రేలాడుచున్నది. శత్రువు దాగిన చోటు తెలియనివాడు మందు చల్లి చల్లి అలసిపోవును.

సోదరులారా! చదువని పుస్తకము మేల్కొనని జన్యువు వంటిది. ఇరువదియైదేండ్లుగా పాఠకులు నడచి నడచియే ఈ గ్రంథాలయమునకు బాట పడినది. ఆ బాటలో గడ్డి మొలవనీయకుడు.