872 ఓట్లు
(యువ ఓటర్ల అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఓటరు నమోదు గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఆ మాటలు చెప్పే ముందు మిమ్మల్ని ఒకసారి అమెరికా దాకా తీసుకువెళ్ళవలసి ఉన్నది. దూరం ఎక్కువే గాని, త్వరగానే తిరిగి వస్తాము.

2014 నవంబరులో, అంటే మన ఉమ్మడి రాష్ట్రం రెండుగా విడిపోయిన అయిదు నెలలకు, ఒక వార్త మా కంట పడింది. వెస్ట్ వర్జీనియా అనే రాష్ట్రంలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి శాసనసభకు ఎన్నికైనది. పేరు సైరా బ్లేర్. సైరా అన్న పేరు చూడగానే మా ఇంటిల్లిపాదికీ ముఖాలు విప్పారాయి. మనవారి అమ్మాయే అనుకున్నాము. తీరా చదివితే ఆమె మన సమాజానికి చెందినది కాదు. రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి, తాను సంప్రదాయవాదినని బాహాటంగా చెప్పుకొన్న యువతి. పేరును బట్టి మనిషిని లెక్కగట్టే అలవాటు ఎదుటివారికే ఉన్నదని నిత్యం నిష్ఠూరమాడే మేమే ఆ రోజు ఆ పని చేశాము.

ఆమె ఎలా గెలిచారో చూడండి. అక్కడ ఒక పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలన్నది పార్టీ అధ్యక్షుడు నిర్ణయించడు. సార్వత్రిక ఎన్నికకు ముందే ప్రైమరీ అనే మరొక ఎన్నిక జరుగుతుంది. అందులో ప్రజలే ఓటు వేసి పార్టీ అభ్యర్థిని ఎన్నుకొంటారు. 2014 మే నెలలో జరిగిన ఆ ప్రైమరీ నాటికి సైరా వయసు 17 సంవత్సరాలు. ఆమెకు ప్రత్యర్థి ఎవరు? తన పార్టీకే చెందిన 66 ఏళ్ళ సిట్టింగ్ సభ్యుడు లారీ కంప్. ఆమెకు వచ్చిన ఓట్లు 872. ఆయనకు వచ్చినవి 728. తేడా 144. మొత్తం కలిపితే 1600. మన ఊళ్ళలో ఒకటి రెండు పోలింగు బూతుల ఓటర్లు! నవంబరు నాటికి ఆమెకు 18 నిండాయి, వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరంలో చేరారు. డెమోక్రాటిక్ పార్టీ తరఫున నిలిచిన న్యాయవాదిపై 63 శాతం ఓట్లతో నెగ్గారు. అప్పటికి ఆ దేశంలోని రాష్ట్ర శాసనసభ్యులందరిలోకీ పిన్న వయస్కురాలు ఆమేనని పత్రికలు రాశాయి. ఏడాదికి 60 రోజులు జరిగే సభా సమావేశాల కోసం ఆ కాలపు చదువును వాయిదా వేసుకొని రాజధాని చార్లెస్టన్‌కు వెళ్ళారు.

మీలో ఒకరు మనసులో అనుకొంటూనే ఉంటారు, ఆమె తండ్రి ఎవరని. నిజమే, తండ్రి క్రెయిగ్ బ్లేర్ అప్పట్లో ఆ రాష్ట్ర సెనేటు సభ్యుడు. ఆమె చిన్ననాటి నుండి తండ్రి వెంట ఎన్నికల ప్రచారాలలో తిరిగినది. ఆ అండ చిన్నదని మేము అనము. వారసత్వ రాజకీయాల గురించి మనకు అమెరికా వారు పాఠం చెప్పవలసిన పని కూడా లేదు. అయితే ఆమె ఓటర్లకు స్వహస్తాలతో ఉత్తరాలు రాశారు. తండ్రి పేరు తలుపు తట్టడానికి పనికివచ్చి ఉంటుంది. ఆ ఉత్తరాలు మాత్రం ఆమెనే రాయవలసి వచ్చింది.

ఇక ఆమె భావాలు. గర్భస్రావానికి వ్యతిరేకం, తుపాకీ హక్కుకు అనుకూలం, పన్నులు తగ్గాలన్నది ఆమె కోరిక. మొదటి మాట విని మా వయసు వారు తల ఊపుతారు, రెండవ మాట వినగానే ఉలిక్కిపడతారు. సంప్రదాయవాదం అన్నది అన్ని చోట్లా ఒకే మూట కాదు. ఆ ఎన్నికతోనే సుమారు ఎనిమిది దశాబ్దాల తరువాత వెస్ట్ వర్జీనియా దిగువ సభలో రిపబ్లికన్లకు ఆధిక్యం వచ్చింది. ఆ సభ 2016లో గవర్నరు వీటోను తోసిరాజని, 21 ఏళ్ళు నిండినవారు అనుమతి పత్రం లేకుండానే తుపాకీని దాచి వెంట ఉంచుకొనవచ్చునని చట్టం చేసింది. కార్మిక సంఘాలను బలహీనపరచే చట్టాన్ని కూడా వీటోను కాదని నెగ్గించుకొన్నది. ఈ రెండింటితోనూ మేము ఏకీభవించము. మేము ఏకీభవిస్తామా లేదా అని ఆ 872 మంది మమ్మల్ని అడగలేదు. ఆ నియోజకవర్గంలో ఓటు వేయడానికి రాని వేలాది మంది అభిప్రాయం కూడా వారికి అవసరపడలేదు.

అదే సంవత్సరం ఆ సభ చేసిన మరొక చట్టం దగ్గర మాత్రం కొంచెం ఆగుదాము. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసిన మాకు అటువంటి కాగితాలంటే సహజంగానే ఆసక్తి. ఓటు వేయడానికి వచ్చినవారు గుర్తింపు చూపాలన్నది ఆ చట్టం. ఇటువంటి చట్టాలు పేదల ఓటుకు, అల్పసంఖ్యాకుల ఓటుకు అడ్డుపడతాయని అమెరికాలో పెద్ద వివాదమే ఉన్నది, ఆ భయం నిరాధారమైనదీ కాదు. అయినా ఈ చట్టం లోపలికి వెళ్ళి చూడండి. ఫోటో ఉన్న కార్డే కావాలని పట్టుపట్టలేదు. అప్పట్లో కరెంటు బిల్లు వంటిది చాలేది, బ్యాంకు కార్డు చాలేది, వేట లైసెన్సు అయినా చాలేది. ఏదీ లేనివానిని ఆరు నెలలుగా ఎరిగిన మరొక వయోజనుడు తోడువచ్చి ప్రమాణ పత్రంపై సంతకం చేసినా చాలేది. అంతేగాక, డ్రైవింగు లైసెన్సు కోసం వెళ్ళినప్పుడే ఓటరుగా నమోదు చేసే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే చేరింది. సంఖ్య తక్కువైనా ప్రతిపక్షం సభలో ఉన్నది. ఒకవైపు వారు బిగించగా మరొకవైపు వీరు సడలింపజేశారు. సభలో మనిషి ఉంటే చట్టంలో ఒక వాక్యమైనా మారుతుంది.

ఇప్పుడు మన ఊరికి వచ్చేద్దాము. ఒకే స్త్రీ ఆధారులో ‘షేక్ మస్తాన్ బీ’, ఓటర్ల జాబితాలో ‘షేక్ మస్తాన్ బి’, రేషను కార్డులో ‘ఎస్. మస్తానమ్మ’. ఇటువంటివి ఈ గదిలోనే ఎన్ని ఉన్నాయో చేతులు ఎత్తమంటే తెలుస్తుంది. మా సంగతే చెబుతాము, సిగ్గుగానే ఉన్నది. ఒక ఎన్నికలో మేము, మా శ్రీమతి బూతుకు వెళ్ళాము. జాబితాలో మా పేరున్నది, ఆమె పేరు లేదు. అదే ఇంటి నంబరు, అదే వీధి. అడిగితే తొలగించారన్నారు. ఎందుకని అడిగితే పై కార్యాలయంలో అడగమన్నారు. ఆమె నల్ల బురఖాలో ఆ ఎండలో వరండాలో నిలబడి, ‘మీరు వేసి రండి, నేను ఇక్కడే ఉంటాను’ అన్నది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ ఎత్తము. వారి తప్పు ఉన్నది. కాని జీవితమంతా ఫైళ్ళు సరిచూసిన మేము ముసాయిదా జాబితా ప్రకటించిన రోజున ఒక్కసారి వెళ్ళి మా ఇంటి పేజీ తెరచి చూడలేదు. ఆ తప్పు ఎవరిది?

కనుక ఫారాలు గుర్తుంచుకోండి. కొత్తగా చేరడానికి 6. చేర్పుపై అభ్యంతరానికి, తొలగింపుకు 7. అక్షర దోషాలకు, చిరునామా మార్పుకు 8. మీ పేరుపై ఎవరైనా 7 ఇచ్చినట్లు తెలిస్తే విచారణ నాడు తప్పక హాజరు కండి. మౌనాన్ని కార్యాలయాలు అంగీకారంగానే రాసుకొంటాయి, మేము స్వయంగా అలా రాసినవాళ్ళమే.

వెస్ట్ వర్జీనియాలో సార్వత్రిక ఎన్నిక నాటికి 18 నిండేవారు 17 ఏళ్ళకే ప్రైమరీలో ఓటు వేయవచ్చు. మనకు ఓటు లేదు గాని, 2022 నుండి 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకొనవచ్చు. అర్హత తేదీలు కూడా ఏడాదికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటవ తేదీలు. వెనుకటివలె జనవరి ఒకటి దాటితే ఏడాదంతా ఆగవలసిన పని లేదు. పోటీకి మాత్రం మన రాజ్యాంగం శాసనసభకు 25, పంచాయతీకి 21 ఏళ్ళు నిర్ణయించింది. సర్పంచి పదవికి 21 నిండిన మీలో ఎవరైనా నిలబడవచ్చు. అమ్మాయిలూ, మేము మీవైపు చూసే చెబుతున్నాము.

ఇక్కడ ఒక పెద్దాయన అనవచ్చు, పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఏమి తెలుసునని. తొందర లేదు. వెస్ట్ వర్జీనియాకు పొరుగు రాష్ట్రం వర్జీనియా. మన హైదరాబాదులో 1964లో పుట్టి, నాలుగేళ్ళ వయసులో ఆ దేశం వెళ్ళిన గజాలా హాష్మీ 2019లో, 55వ ఏట, ఆ రాష్ట్ర సెనేటుకు ఎన్నికయ్యారు. ఆ సెనేటులో అడుగుపెట్టిన మొదటి ముస్లిం ఆమే. అంతకుముందు అధ్యాపకురాలు. 2025లో లెఫ్టినెంట్ గవర్నరుగానూ గెలిచారు. ఆమె భావాలు సైరా బ్లేరు భావాలకు పూర్తిగా విరుద్ధం. ఇద్దరూ నడిచిన దారి మాత్రం ఒకటే, ఓటర్ల జాబితా, ఇల్లిల్లూ.

సైరా బ్లేరు రెండు పర్యాయాలు సభ్యురాలిగా ఉండి, 2018లో మళ్ళీ పోటీ చేయలేదు. ఆ స్థానానికి ఎవరు వచ్చారో తెలుసునా? 144 ఓట్లతో ఆమె చేతిలో ఓడిన ఆ పెద్దాయన, లారీ కంప్. ఆయన ఇంటికి పోయి తలుపు వేసుకోలేదు.

ద్వారం పక్కన బల్ల మీద ఈ వార్డు ముసాయిదా జాబితా, మూడు రకాల ఫారాలు ఉన్నాయి. కలాలు కూడా తెచ్చాము, తిరిగి ఇచ్చి వెళ్ళండి. మొదట తల్లుల పేర్లు చూద్దాము. మస్తాన్ బీ గారు ఎవరైనా ఉంటే, ముందుకు రండమ్మా.