సైకిలు సవారియు నడుమునొప్పియు



మూడేండ్ల క్రిందట మా రెండవ కుమారుడు పట్టణమునుండి రోడ్డు సైకిలొకటి తెచ్చెను. సన్నని చక్రములు, పొట్టేలు కొమ్మలవలె క్రిందికి వంగిన హేండిలు. దినమునకు ముప్పది కిలోమీటర్లు తొక్కెడివాడు. నెల తిరుగకమునుపే నడుము పట్టుకొని కూర్చుండెను. అమ్మివేయుమని చెప్పినవాడను నేనే.

తప్పు సైకిలుది కాదని పిదప తెలిసినది. కాడి కుదరకున్న ఎద్దు మెడ పుండగునని మన మెఱుగుదుము గదా! సైకిలునకు మాత్రము కొలత యేల యనుకొందుము.

ముందు సీటు ఎత్తు చూడవలెను. గోడ నానుకొని సైకిలెక్కి, పెడలును అడుగునకు దింపి, దానిపై మడమ నుంచవలెను. తుంటి ప్రక్కకు ఒరగకుండ కాలు చక్కగా చాగినచో ఎత్తు ఇంచుమించు సరిపోయినట్లే. తొక్కునపుడు పాదపు ముందుభాగము నుంతుము గనుక మోకాలు కొంచెము వంగియే యుండును. సీటు మిక్కిలి ఎత్తయినచో పెడలు నందుకొనుటకై తుంటి ఇటునటు నూగును. ఆ యూపు నంతయు నడుమే భరింపవలెను. తొక్కువానికిది తెలియదు. నేను మోటారు సైకిలుపై వెనుక వెంబడించి చూచితిని. మావాని తుంటి తూగుటుయ్యాలవలె నుండెను. సీటు రెండంగుళములు దింపించితిమి.

సీటు ముక్కు సంగతియు కలదు. 1999లో ఇస్రాయేలు వైద్యులు దానిని 10 మొదలు 15 డిగ్రీలవఱకు క్రిందికి వంపించగా, నొప్పిగల సవారీదార్లలో నూటికి డెబ్బదిమందికి పైగా మేలు కనబడినదట. అయితే అంత వంచిన శరీరము ముందునకు జాఱి, బరువు చేతులపై బడును. కొంచెము కొంచెముగా వంచి చూచుటయే మేలని నా యభిప్రాయము.

హేండిలు దూరమైనను వెన్ను విల్లువలె వంగును. వంగవలసినది తుంటికడ, నడుముకడ కాదు. హేండిలును పట్టియుండు మెడను పొట్టిదిగా మార్పించుకొనవచ్చును, ఎత్తించుకొనవచ్చును. మోచేతులు బిగియబట్టరాదు. ఎదురుగాలిలో బరువు గేరుతో పెనగులాడక, తేలిక గేరున కాళ్లు చురుకుగా త్రిప్పవలెను. అప్పుడప్పుడు పెడళ్లపై లేచి నిలిచినచో నడుమునకు ఊఱట. క్రొత్తవాడు మొదటి వారమే దూరాభారము పోరాదు.

మావాడిప్పుడు అరువది కిలోమీటర్లు పోయి వచ్చి అన్నమునకు కూర్చుండుచున్నాడు. సైకిలు అమ్మలేదు.

ఒక్కమాట. నొప్పి కాలిలోనికి దిగి పాదము మొద్దుబాఱినను, కాలు పట్టు తప్పినను, మూత్రము బిగిసినను, పానా ప్రక్కన బెట్టి ఆనాడే వైద్యునికడకు పోవలెను.