పని మొదలిడు దినము

సెల్‌ఫోనులోని పనుల పట్టికయందు మనము గడువుదినమునే వ్రాసికొందుము. ఆనాడది మ్రోగునప్పటికి ఆరంభకాలము దాటిపోవును. కావున గడువునుండి వెనుకకు లెక్కింపవలెను.

జూలై 20న 25 దినముల వరినారు నాటదలచితి మనుకొందము. మొలకవిత్తులను నారుమడిలో చల్లవలసినది జూన్ 25. విత్తులు నానుట కొకదినము, మండెకట్టుట కొకదినము, అనగా 23. విత్తులు తెచ్చుటకును, మడి దమ్ముచేయుటకును 5 దినములు, అనగా 18.

నేను ప్రతిపనికిని ఇట్లు రెండు తేదీలు వ్రాసికొందును: ఆరంభ మొకటి, గడువొకటి. హెచ్చరికగంట ఆరంభదినముననే మ్రోగవలెను. మిక్కిలి ముందుగా చల్లిన నారు ముదిరి పిలకలు తగ్గును. ఆలస్యముగా చల్లినచో నాటు అదను తప్పును. గడువు తెలిసినవాడు సగమే యెరిగినవాడు. ఆరంభ మెరిగినవాడే పంట నింటికి చేర్చును.