గెలుపులో గురువు పాలు

పరీక్ష గట్టెక్కిన కుఱ్ఱవాణ్ణి చూచి తల్లి "మావాడి తెలివి" అంటుంది. తండ్రి తాను కట్టిన జీతం లెక్క చెబుతాడు. మాష్టారు ఏమీ అనక మీసం సవరించుకుంటాడు. అదే కుఱ్ఱవాడు తప్పినాడా, ముగ్గురిలో ఇద్దరు మూడవవానివంక వేలు చూపుతారు. ఆ మూడవవాడెవరో చెప్పనక్కరలేదు. గెలుపులో గురువు పాలెంత అన్న తగవు మన వీధి అరుగులకే పరిమితం కాదు. అమెరికాలోని డిట్రాయిట్ నగరంలో 1968లో పుట్టి, బేసుబాలు అభిమానుల మధ్య నేటికీ తెగని అటువంటి తగవు ఒకదానిని మీ ముందుంచదలచినాను.

మన శ్రోతలలో ఎక్కువమందికి బేసుబాలు పేరు తెలిసినంతగా తీరు తెలియదు. క్రికెట్టు ఎరిగినవారికి సులభంగానే బోధపడుతుంది. మన బౌలరు వంటివాడు అక్కడ పిచరు. అతడు పరుగెత్తి రాడు. ఒక చిన్న మట్టి దిబ్బమీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరానికి బంతిని గాలిలోనే విసురుతాడు. మన బౌలరుకు నేల తోడ్పడుతుంది. పగులో, తేమో, గరుకో ఏదో ఒకటి బంతిని మళ్ళిస్తుంది. పిచరుకు ఆ సాయం లేదు. అతనికి ఉన్నవి వేగం, గురి, వేళ్ళు బంతికి ఇచ్చే తిప్పు, అంతే. తిరుగుతూ పోయే బంతి గాలిని ఒక ప్రక్కకు నెట్టి తాను రెండవ ప్రక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడే పిచరు విద్య. ఒక ఆటలో నూరుకు పైగా బంతులు విసరిన చేయి కొన్నాళ్ళు విశ్రాంతి కోరుతుంది. కనుక ఆ చేతిని కాపాడడానికి, దానికి విద్య గరపడానికి ప్రతి జట్టూ ఒక ప్రత్యేక శిక్షకుని పెట్టుకుంటుంది. జట్టు మొత్తానికి అధికారి మేనేజరు. శిక్షకుడు ఆయన చేతి క్రిందివాడు. తగవుకు మూలం ఇక్కడే ఉన్నది.

డిట్రాయిట్ టైగర్సు జట్టు 1945 తరువాత ప్రపంచ పోటీ గెలవలేదు. 1967లో కడపటి రోజున ఒక్క ఆట తేడాతో అవకాశం జారవిడుచుకున్నది. ఆ యేడు జూలైలోనే నగరంలో ఘోరమైన అల్లర్లు చెలరేగి 43 మంది మరణించినారు. మరుసటి యేడు ఆ గాయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే జట్టు 103 ఆటలు గెలిచింది. డెన్నీ మెక్లెయిన్ అనే పిచరు ఒక్కడే 31 గెలిచినాడు. అంతకు ముందు 30 గెలుపులు సాధించినది 1934లో డిజ్జీ డీన్. మెక్లెయిన్ తరువాత ఇప్పటివరకు ఎవ్వరూ లేరు.

అక్టోబరులో సెయింట్ లూయీ కార్డినల్సుతో ఏడు ఆటల పోటీ. మొదటి ఆటలోనే బాబ్ గిబ్సన్ అనే ప్రత్యర్థి పిచరు 17 మందిని బంతి తగలకుండానే వెనక్కు పంపినాడు. నాలుగు ఆటలు ముగిసేసరికి డిట్రాయిట్ మూడు ఓడింది. ఇక ఒక్కటి ఓడితే ఇంటికే. అక్కడినుండి మూడూ గెలిచింది! ఆ పోటీలో వీరుడైనవాడు ముప్పదియొక్క గెలుపుల మెక్లెయిన్ కాడు; మిక్కీ లోలిచ్ అనే ఎడమచేతివాటం పిచరు. అతడు పుట్టుకతో కుడిచేతివాడు; చిన్ననాడు మోటారు సైకిలు మీదపడి ఎడమ జత్రువు విరిగితే, చేతిలో బలం రావడానికి ఆ చేత్తో విసరడం మొదలుపెట్టినాడు. విధి ఒక్కొక్కప్పుడు ఎంత చిత్రంగా శిక్షణ ఇస్తుందో! లోలిచ్ రెండవ ఆట, అయిదవ ఆట గెలిచి, నడుమ రెండు రోజుల విశ్రాంతితోనే, అక్టోబరు 10వ తేదీన ఏడవ ఆటలో గిబ్సన్‌కు ఎదురు నిలిచినాడు. ఆరు ఇన్నింగ్సుల వరకు ఇరుపక్షాలకూ పరుగు లేదు. ఏడవ ఇన్నింగ్సులో జిమ్ నార్త్రప్ కొట్టిన బంతిని కర్ట్ ఫ్లడ్ వంటి మేటి ఫీల్డరు క్షణం తప్పుగా అంచనా వేసినాడు. బంతి తల దాటిపోయింది. ఇద్దరు పరుగు పూర్తిచేసినారు. 4-1 తో కప్పు డిట్రాయిట్‌ది.

గురువారం పగటిపూట ఆట అది. ఆ రోజులలో ప్రపంచ పోటీ ఆటలన్నీ పగలే జరిగేవి. పనిలో ఉన్నవారికి ట్రాన్సిస్టరే దిక్కు. రేడియో మాట వచ్చినది గనుక ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ కాలంలో డిట్రాయిట్ ఆటలకు వ్యాఖ్యాత ఎర్నీ హార్వెల్. 1948లో బ్రూక్లిన్ జట్టు ఆయన కంఠం కావాలని కోరి, బదులుగా ఒక ఆటగాణ్ణే అట్లాంటా జట్టుకు ఇచ్చివేసింది. మా వృత్తివారిని ఆటగానితో సమానంగా తూచిన సందర్భం మరొకటి నేను వినలేదు.

ఇక తగవుకు వస్తాను. ఈ గెలుపు ఎవరిది? ఒక పక్షం శిక్షకుడు జానీ సెయిన్ పేరు చెబుతుంది. ఆయన స్వయంగా పేరొందిన పిచరు. 1948లో బోస్టన్ బ్రేవ్సుకు 24 ఆటలు గెలిచి ఇచ్చినాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళపు విమాన చోదకునిగా శిక్షణ పొందుతూ, రెక్కమీద గాలి చేసే పనిని చదువుకున్నాడు. ఆ చదువును బంతికి అన్వయించినాడు. బంతికి నడుమ ఊచ గుచ్చి, గదిలో కూర్చుండి త్రిప్పుకొనే సాధనం ఒకటి చేసి శిష్యుల చేతికిచ్చినాడు. తక్కిన శిక్షకులు పిచర్లను మైదానం చుట్టూ పరుగెత్తించేవారు. సెయిన్‌కు ఆ పరుగులమీద నమ్మకం లేదు. చేయి బలపడవలెనంటే తరచు విసరడమే మార్గమనేవాడు. అంతటితో ఆగక, జీతాల బేరంలో యజమానులను ఎలా ఎదుర్కొనాలో కూడ కుఱ్ఱవాళ్ళకు చెప్పేవాడు. ఇటువంటి గురువును శిష్యులు ప్రేమించడంలోనూ, మేనేజర్లు సహించలేకపోవడంలోనూ వింత లేదు.

రెండవ పక్షం మేనేజరు మేయో స్మిత్‌ది. వారి వాదమూ బలహీనమైనది కాదు. అయిదవ ఆటలో ఏడవ ఇన్నింగ్సు. డిట్రాయిట్ ఒక పరుగు వెనుకబడి ఉన్నది. బ్యాటు పట్టవలసిన వంతు లోలిచ్‌ది. అతనికా బ్యాటు అంతగా రాదు. ఏ మేనేజరైనా అతణ్ణి తప్పించి మరొకణ్ణి పంపేవాడు. స్మిత్ పంపలేదు. లోలిచ్ ఎట్లాగో బంతిని తాకించి మొదటి బేసు చేరినాడు. ఆ ఇన్నింగ్సులోనే ఆట తిరిగింది. ఆ సాహసం సెయిన్ నేర్పినది కాదు గదా అంటారు వీరు. అదిగాక, 1968 దేశమంతటా పిచర్ల సంవత్సరం. శిక్షకులందరూ గొప్పవారుగానే కనబడినారు. బ్యాటుదారులు ఎంతగా కుదేలైనారంటే, మరుసటి యేడు దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుండి 10కి తగ్గించవలసి వచ్చింది.

1969 ఆగస్టులో, గెలుపు జరిగి యేడాది తిరగకుండానే, సెయిన్‌ను ఉద్యోగం నుండి తొలగించినారు. మేనేజరుకూ ఆయనకూ పొసగలేదు. అభిమానులకు ఇది కొరకరాని కొయ్య అయింది. తరువాతి యేడు జట్టు ఓటమి గెలుపును మించింది. లోలిచ్ 19 ఆటలు పోగొట్టుకున్నాడు. "చూచినారా!" అన్నారు సెయిన్ పక్షంవారు. కాని 1971లో, సెయిన్ లేకుండానే, అదే లోలిచ్ 25 గెలిచినాడు. "ఇప్పుడేమంటారు?" అన్నారు అవతలివారు. మెక్లెయిన్ సంగతి వేరు. జూదపు వ్యాపారులతో పొత్తు పెట్టుకున్నందుకు 1970లో అతణ్ణి కొంతకాలం ఆట నుండి బహిష్కరించినారు. 28 యేండ్లకే పెద్ద పోటీల నుండి కనుమరుగైనాడు. 1968లో 336, మరుసటి యేడు 325 ఇన్నింగ్సులు విసరినందువల్లనే ఆ చేయి అరిగిపోయిందని, ఆ పాపంలో "తరచు విసరండి" అన్న గురువుకూ వాటా ఉన్నదని వాదించేవారున్నారు. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయలేను. గెలుపులో పాలు పంచుకొనే గురువు అరుగుదలలోనూ పంచుకొనవలసినదే.

అయితే ఒక జట్టును పట్టుకొని వాదిస్తే ఈ తగవు తెమలదని నాకు తోస్తుంది. గురువు తిరిగిన ఊళ్ళన్నీ చూడాలి. సెయిన్ 1961లో న్యూయార్కు యాంకీలకు శిక్షకుడైనాడు. ఆ యేడు వైటీ ఫోర్డ్ తన జీవితంలో మొదటిసారి 20 దాటి 25 గెలిచినాడు. 1965లో మిన్నెసోటాకు వెళ్ళినాడు; అంతకు ముందెన్నడూ 20 చేరని మడ్‌క్యాట్ గ్రాంట్ 21 గెలిచినాడు. ఊరు మారితే గింజ మారుతుంది, నేల మారుతుంది. పండించే రైతు ఒక్కడే.

అన్నిటినీ మించినది జిమ్ కాట్ కథ. ఈయన 25 యేండ్లు ఆడి 283 ఆటలు గెలిచినాడు. ఇరవైకి చేరిన సంవత్సరాలు మూడే: 1966, 1974, 1975. మొదటిది మిన్నెసోటాలో సెయిన్ చేతిక్రింద. ఆ యేటి చివరనే సెయిన్‌ను పంపివేస్తే, కాట్ కడుపుమండి అభిమానులకు బహిరంగ లేఖ వ్రాసినాడు. ఉద్యోగంలో ఉన్న ఆటగాడు యజమాని నిర్ణయాన్ని పత్రికకెక్కి తప్పుపట్టడం ఆ రోజులలో చిన్న సాహసం కాదు. తరువాత యేడేండ్లకు మిన్నెసోటావారు ఇతని పని అయిపోయినదనుకొని వదులుకున్నారు. అతడు చేరినది చికాగో వైట్ సాక్సు. అక్కడ శిక్షకుడు మళ్ళీ సెయినే. 35వ యేట 21, 36వ యేట 20.

మా స్టేషనులో నేను చేరిన క్రొత్తలో ఒక పెద్దాయన ఉండేవారు. వార్త చదివేటప్పుడు ఏ మాట దగ్గర ఊపిరి తీయాలో కాగితంమీద పెన్సిలుతో చుక్కలు పెట్టి ఇచ్చేవారు. ఆయన పేరు ఏనాడూ ప్రసారంలో వినబడలేదు. ఇప్పటికీ నేను చదివేటప్పుడు ఆ చుక్కలు నాకు కనబడుతూనే ఉంటాయి. నా తీర్పు ఎటు మొగ్గినదో, ఎందుకు మొగ్గినదో శ్రోతలు ఈపాటికి గ్రహించే ఉంటారు.

జానీ సెయిన్ 2006లో మరణించినాడు. అమెరికాలో బేసుబాలు మహనీయుల కొరకు కూపర్స్‌టౌన్‌లో ఒక కీర్తి మందిరమున్నది. అందులో 2022లో జిమ్ కాట్‌కు చోటు దొరికింది. సెయిన్‌కు దొరకలేదు; పిచింగు శిక్షకుడన్న హోదాతో అక్కడికి చేరినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.